స్పర్జనుగారును ఆయన పుస్తకములును

పరిశుద్ధ గ్రంథమును శ్రద్ధతో చదువగోరువారికి మొదట కలుగు చిక్కు పుస్తకములు లేకపోవుట కాదు, పుస్తకములు మెండుగా నుండుట. వ్యాఖ్యానములు, నిఘంటువులు, సిద్ధాంత గ్రంథములు, ప్రసంగ సంపుటములు అంగడిలో వరుసలుగా నిలిచియుండగా, చేతనున్న కొద్ది సొమ్ముతో దేనిని కొనవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న సంఘకాపరికిని, సండే స్కూలు ఉపాధ్యాయునకును, వేదపాఠము చదువు విద్యార్థికిని ఒకేరీతిగా ఎదురగుచుండును. కొన్న పుస్తకము పనికిమాలినదని పిదప తెలిసినయెడల ధనికునకు నష్టము స్వల్పము. బీదవానికి అది యొక నెల కూరనారకు సరిపోవు సొమ్ము. ఈ చిక్కును తన చిక్కుగా నెంచుకొని, దానిని తీర్చుటకై యనేక సంవత్సరములు పాటుపడిన యొక దైవజనుని చరిత్రమును మా చదువరులకు తెలుపగోరుచున్నాము. ఆయన లండను పట్టణపు బోధకులలో మిక్కిలి పేరెన్నికగన్న చార్లెసు హాడన్ స్పర్జనుగారు. ఆయన వాక్చాతుర్యమును గూర్చి వ్రాసినవారు అనేకులు గలరు. మేము ఆయన పుస్తకముల బీరువా ప్రక్కన నిలిచి ఆయన జీవితమును చూడదలచితిమి.

స్పర్జనుగారు 1834 వ సంవత్సరము జూను 19 వ తేదీన ఇంగ్లండులో ఎసెక్సు మండలమందలి కెల్వెడన్ అను చిన్న ఊర జన్మించిరి. తండ్రి జాన్ స్పర్జను, తల్లి ఎలైజా. ఆ దంపతులకు కలిగిన పదునేడుగురు బిడ్డలలో తొమ్మండుగురు పసితనముననే గతించిరి. జ్యేష్ఠుడగు చార్లెసు ఏడాదిన్నరయైనను నిండకమునుపే స్టాంబోర్ను గ్రామమునకు పంపబడెను. అచ్చట తాతగారగు జేమ్సు స్పర్జనుగారు సంఘకాపరిగా నుండిరి. అయిదారేండ్ల ప్రాయమువరకు ఆ బాలుడు తాతగారి యింటనే పెరిగెను.

ఆ కాలమున ఇంగ్లండులో ఇండ్ల కిటికీలపై పన్ను వసూలు చేయుచుండిరి. 1851 లో ఆ పన్ను రద్దగువరకు, సొమ్ము మిగుల్చుకొనుటకై అనేకులు కిటికీలను మూసి సున్నము పూసివేయుచుండిరి. తాతగారి యింటి మేడమీది యొక గదికిని ఆ గతియే పట్టినది. వెలుతురు చొరని ఆ గదిలో ప్యూరిటనులు అనబడిన పూర్వకాలపు భక్తుల గ్రంథములు పడియుండెను. అవి తోలు అట్టలు గల పెద్ద పెద్ద సంపుటములు. పసివాడు ఆ చీకటిలోనికి పోయి, తన బలమునకు మించిన సంపుటము నొకదానిని వెలుతురులోనికి తెచ్చుకొని, దానిముందు కూర్చుండెడివాడు. బన్యనుగారి యాత్రికుని ప్రయాణమును మొదట చూచినది అక్కడనే. వీపున మూట మోయుచున్న యాత్రికుని బొమ్మ నతడు చూచి మిక్కిలి జాలిపడెను. ఆ మూట సిలువయొద్ద జారిపడినదని చదివినప్పుడు సంతోషముతో గంతులు వేయవలెనని తోచినదట. జీవితకాలములో ఆ పుస్తకమును నూరు పర్యాయములైనను చదివినట్లు ఆయనయే చెప్పుకొనిరి. ఫాక్సుగారి హతసాక్షుల చరిత్రము కూడ ఆ బాల్యమున ఆయన మనస్సులో నాటుకొన్న గ్రంథమే.

ఆ యింటి సంగతి మరియొకటి మా చిన్నవిద్యార్థులకు రుచించును గనుక చెప్పుచున్నాము. వాట్సుగారి కీర్తనలలో ఒక్కొక్కటి తప్పులేకుండ అప్పజెప్పినచో ఒక్కొక్క పెన్నీ యిచ్చెదనని నాయనమ్మ మాట యిచ్చెను. మనుమడు కీర్తనలను అంతటి వేగముగా కంఠస్థము చేసినందున ఆమె దివాలా తీయవలసివచ్చునేమోయని భయపడి, వెలను అరపెన్నీకిని, పిమ్మట పావుపెన్నీకిని దించెను. అంతలో తాతగారు ఇంట ఎలుకలు విస్తరించినవని విసిగి, డజను ఎలుకలను చంపినచో ఒక షిల్లింగు ఇత్తుననిరి. బాలుడు కీర్తనలు విడిచి ఎలుకలను పట్టెను. సొమ్ము ఎక్కువగా వచ్చినది ఎలుకలవలననే. తరువాతి కాలమున ప్రసంగపీఠముపై నిలిచినప్పుడు జ్ఞాపకమునకు వచ్చి అక్కరకు పనికివచ్చినవి మాత్రము కీర్తనలే.

పదునైదవ యేట చార్లెసు న్యూమార్కెట్టులో ఒక పాఠశాలయందు చదువుకొనుచు చిన్న తరగతులకు చదువు చెప్పుచుండెను. ఆ పాఠశాలలో మేరీ కింగు అను వృద్ధురాలు వంట చేయుచుండెడిది. కృపను గూర్చియు, ఏర్పాటును గూర్చియు, విశ్వాసి స్థైర్యమును గూర్చియు వాక్యమును ఆధారము చేసికొని మాటలాడుటలో ఆ వంటమనిషి దిట్ట. వేదశాస్త్రములో తనకు మొదటి గురువు ఆమెయేయని స్పర్జనుగారు పెద్దవారైన పిదప కూడ సిగ్గుపడక చెప్పుచుండిరి. వేలకొలది గ్రంథములకు గొప్ప పండితులవలె తీర్పు చెప్పిన మనుష్యుడు తన చదువును వంటయింటినుండి లెక్కించుట మాకు మిక్కిలి నచ్చిన విషయము.

ఆ దినములలోనే ఆయన మనస్సు ఘోరమైన అశాంతిలో నుండెను. పాపభారముతో క్రుంగి, ఊరట దొరకునేమోయని మంచి మంచి పుస్తకములను వెదకి చదివెను. డాడ్రిడ్జిగారి గ్రంథము, బాక్‌స్టరుగారి పిలుపు, ఆలైనుగారి హెచ్చరిక, ఇవన్నియు ఆయన చదివినవే. ఇవి చెడ్డ పుస్తకములు కావు, అనేకులకు మేలు చేసినవే. అయినను ఆ బాలునకు నెమ్మది దొరకలేదు. 1850 జనవరి 6 వ తేదీన కోల్చెస్టరులో మంచు విపరీతముగా కురియుచుండగా, పోదలచిన ఆలయమునకు పోలేక, దారిలోని ప్రిమిటివ్ మెథడిస్టుల చిన్న ఆలయములో దూరెను. పట్టుమని ఇరువదిమంది లేరు. పాదిరిగారు మంచువలన రాలేకపోగా, అంతగా చదువురాని సామాన్యుడొకడు లేచి యెషయా 45 వ అధ్యాయము 22 వ వచనమును తీసికొని, చెప్పినదే మరల మరల చెప్పెను. ఆ మాట వినుచుండగనే చార్లెసు రక్షణానందమును పొందెను. పెద్ద గ్రంథకర్తలు చేయలేని పనిని పేరైనను నిలువని యొక మనుష్యుడు చేసిన సంగతి ఆయన మరువలేదు. పుస్తకములు ఎంతవరకు పోగలవో, ఎచ్చట నిలిచిపోవునో ఆ యుదయముననే ఆయనకు తెలిసిపోయినదని మేము తలంచుచున్నాము. అదే సంవత్సరము మే 3 వ తేదీన లార్కు నదిలో ఆయన బాప్తిస్మము పొందిరి.

1851 లో, పదునేడేండ్ల వయస్సున, కేంబ్రిడ్జికి సమీపమందలి వాటర్‌బీచి గ్రామమున స్పర్జనుగారు సంఘకాపరియైరి. కుమారుడు దైవశాస్త్ర కళాశాలకు పోవలెనని తండ్రిగారి కోరిక. ఆ కళాశాల అధ్యక్షులగు డాక్టరు ఆంగసుగారు కేంబ్రిడ్జికి వచ్చి, పుస్తక ప్రచురణకర్తయగు మాక్మిలనుగారి యింట కలిసికొనుటకు ఏర్పాటు జరిగెను. పనికత్తె స్పర్జనుగారిని ఒక గదిలోను, డాక్టరుగారిని వేరొక గదిలోను కూర్చుండబెట్టి మరచిపోయెను. ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని చాలసేపు కూర్చుండిరి. తుదకు డాక్టరుగారు రైలువేళ మించునని వెడలిపోయిరి. తలుపు అవతల ఎవరున్నారో ఇద్దరికిని తెలియలేదు. ఆ సాయంకాలము నడిచిపోవుచుండగా యిర్మీయా 45 వ అధ్యాయము 5 వ వచనము ఆయన మనస్సులో మ్రోగినందున, మరల ఆ ప్రయత్నము చేయకుండ మానివేసిరి. ఈ విధముగా కళాశాల చదువు తప్పిపోయినది. ఇక ఆయన గురువులు పుస్తకములే. కావుననే గురువును ఎంచుకొన్నంత జాగ్రత్తగా పుస్తకమును ఎంచుకొనుట ఆయనకు అలవడినది.

1854 లో, ఇరువది యేండ్లు నిండకముందే, లండనులోని న్యూ పార్కు వీధి ఆలయమునకు ఆయన కాపరియైరి. ఇది సామాన్యమైన సంఘము కాదు. పరిశుద్ధ గ్రంథమంతటికిని వచనము వెంబడి వచనముగా వ్యాఖ్యానము వ్రాసిన జాన్ గిల్లుగారు పూర్వము ఏబదియొక్క సంవత్సరములు కాపరిగా నుండినది ఈ సంఘమునకే. గిల్లుగారి పెద్ద సంపుటములు ఆయన స్థానమునకు వచ్చిన ఈ పల్లెటూరి యువకుని యెదుట నిలిచియుండెను. ఆయన వానిని చదివెను, గౌరవించెను, అయితే వానికి దాసుడు కాలేదు. యూదా పండితుల శాస్త్రమునందు గిల్లుగారికి సాటిలేదని యొప్పుకొనుచునే, ఉపమానములలోని ప్రతి చిన్న వస్తువునకును ఆత్మసంబంధమైన యర్థము లాగుట తగదని నిర్మొగమాటముగ చెప్పిరి.

లండనులో జనులు విరుగబడి వచ్చిన వృత్తాంతము అందరెరిగినదే. 1856 అక్టోబరు 19 వ తేదీన సర్రే తోటల సంగీతశాలలో ప్రసంగము జరుగుచుండగా, నిప్పంటుకొన్నదని యెవరో వట్టి కేక వేయగా తొక్కిసలాటలో ఏడుగురు మరణించిరి. ఆ గాయము ఆయన మనస్సును ఎన్నటికిని పూర్తిగా విడువలేదు. 1861 లో మెట్రొపాలిటను టాబర్నెకిలు అను గొప్ప మందిరము తెరువబడెను. అచ్చు పుస్తకముల కథకు మాత్రము ఇంకొక సంగతి ముఖ్యము. 1855 మొదలు ఆయన ప్రసంగము వారమున కొకటి చొప్పున పెన్నీ వెలకు అచ్చగుచుండెను. ఆయన మరణించిన తరువాత కూడ మిగిలిన ప్రసంగములు వెలువడుచు, 1917 లో యుద్ధకాలపు కాగితపు కరవువలన ఆగిపోయెను. అప్పటికి సంపుటములు 63 అయినవి. అమెరికాలోను ఇవి విశేషముగా అమ్ముడుపోవుచుండెను. అయితే బానిసత్వము పాపమని స్పర్జనుగారు తేటగా ఖండించినందున, 1860 ప్రాంతమున అక్కడి దక్షిణ రాష్ట్రములలో ఆయన పుస్తకములను బహిరంగముగా తగులబెట్టిరి. అమెరికానుండి వచ్చు ఆదాయము పడిపోయెను. ఆ సొమ్ముతోనే ఆయన తన కళాశాలను నడుపుచుండిరి. ఖర్చులకు తన గుఱ్ఱమును బండిని అమ్మివేయుటకు సిద్ధపడగా, కళాశాల ప్రధానోపాధ్యాయులు వలదని వారించిరి. మాటను మాత్రము ఆయన వెనుకకు తీసికొనలేదు.

ఆ కళాశాల 1856 లో ఒక్క విద్యార్థితో ఆరంభమైనది. ఆయన జీవితాంతమునకు దాదాపు 900 మంది బోధకులు అచ్చట తరిఫీదు పొందిరి. వారిలో హెచ్చుమంది బీదలు. పట్టణములకును పల్లెలకును పోయి, చాలీచాలని జీతముతో సంసారములు సాగించినవారు. శుక్రవారము మధ్యాహ్నములందు స్పర్జనుగారు వారితో కూర్చుండి, వారమంతటి చదువులో అలసినవారికి నవ్వు పుట్టించుచు, పనికివచ్చు మాటలు చెప్పుచుండిరి. అవియే తరువాత విద్యార్థులకు ఉపన్యాసములను పేరుతో పుస్తకరూపమున వెలువడెను. అందులో కొద్దిపాటి సామగ్రి గల పనివారి కొరకు చెప్పిన యొక ఉపన్యాసము గలదు. మా అభిప్రాయమున ఆయన వ్రాసినవాటిలో బీద కాపరికి ఇంతకంటె పనికివచ్చునది లేదు.

దాని సారాంశ మిది. సొమ్ము కొంచెమే యున్నచో మిక్కిలి శ్రేష్ఠమైన పుస్తకములనే కొనవలెను. నీళ్లు కలిపిన పాలవంటి గ్రంథములకు ఒక్క కాసయినను ఖర్చు చేయరాదు. కొన్నదానిని పూర్తిగా తనది చేసికొనవలెను. మరల మరల చదివి, నమలి, గురుతులు వ్రాసికొని, రక్తములో కలిసిపోవునంతవరకు విడువరాదు. అట్లు చదివిన ఆరు పుస్తకములు పైపైన చూచిన గ్రంథాలయముకంటె మేలు. కొనలేనివానిని ఎరవు తెచ్చుకొనవచ్చును, అయితే తిరిగి ఇయ్యవలెను. ఈ చివరి మాటను ఆయన నొక్కి చెప్పిరి. ఎరవిచ్చిన పుస్తకములు తిరిగిరాని బాధ ఆయనకును తప్పలేదు కాబోలు! మన పాఠశాలల గ్రంథాలయములను కనిపెట్టుకొనియుండు ఉపాధ్యాయులకు ఈ బాధ వివరించి చెప్ప పనిలేదు. పుస్తకములే లేనివాడు ఏమి చేయవలెను? పరిశుద్ధ గ్రంథ మొకటి చేత నున్నంతవరకు వానికి గ్రంథాలయము లేకపోలేదని ఆయన మతము. అదియుగాక కన్నులు తెరచి సృష్టిని చూడవలెను, తన హృదయమును పరీక్షించుకొనవలెను, మరణశయ్యనున్న భక్తులయొద్ద కూర్చుండవలెను. కాపరికి పుస్తకములు కొనియిచ్చుట సంఘముయొక్క విధియని కూడ ఆయన సంఘపెద్దలకు చెప్పుటకు వెనుదీయలేదు. ఎరువు వేయని పొలమునుండి పంట కోరు రైతు ఎక్కడను లేడు గదా.

1876 లో ఆయన ప్రచురించిన గ్రంథము మన విషయమునకు ప్రాణము వంటిది. వ్యాఖ్యానములను గూర్చి రెండు ఉపన్యాసములును, వాని వెంట వ్యాఖ్యాన గ్రంథముల పట్టికయు అందు గలవు. ఈ పట్టిక కొరకు ఆయన మూడు నాలుగు వేల సంపుటములను పరిశీలించిరి. వానిలో 1,437 గ్రంథములను ఎంచి, ఆదికాండము మొదలు ప్రకటనవరకు వరుసగా నిలిపి, ఒక్కొక్కదానికి ఒకటి రెండు వాక్యములలో తీర్పు వ్రాసిరి. వెలలును చూపిరి. పాత పుస్తకముల అంగడిలో ఎంతకు దొరకునో కూడ తెలిపిరి. అచ్చులోనే ఒక యుపాయము చేసిరి. తప్పక కొనదగినవి పెద్ద యక్షరములలోను, మంచివే గాని సామాన్యమైనవి నడిమి యక్షరములలోను, అంతగా అక్కరలేనివి చిన్న యక్షరములలోను కూర్పించిరి. కాగితము తిప్పినంతనే, బీద కాపరి కన్ను కొనదగిన పుస్తకముపై నిలుచును.

వీనిలో మొదటి స్థానము మాత్యూ హెన్రీగారి వ్యాఖ్యానమునకు. ప్రతి బోధకుడును దానిని ఒకసారియైనను మొదటినుండి తుదవరకు చదువవలెనని స్పర్జనుగారి దృఢాభిప్రాయము. హెన్రీగారు 1704 లో ఆరంభించి, అపొస్తలుల కార్యములవరకు ముగించి 1714 లో మరణింపగా, రోమా పత్రికనుండి మిగిలినది ఇతర బోధకులు పూర్తిచేసిరి. కాల్వినుగారిని కూడ ఆయన ఎత్తుగా నిలిపిరి. కాల్వినుగారి సిద్ధాంతముతో పోరాడిన ఆర్మీనియుసుగారే ఆయన వ్యాఖ్యానములను మెచ్చి తన శిష్యులకు సిఫారసు చేసెనని సంతోషముతో జ్ఞాపకము చేసిరి. మెథడిస్టు పండితులగు ఆడం క్లార్కుగారి గ్రంథము వేరు విధమైనది. ఏదెను తోటలో హవ్వను మోసపుచ్చినది సర్పము కాదనియు, కోతిజాతి జంతువనియు క్లార్కుగారు వాదించిరి! ఇట్టి వింతలను చూచి స్పర్జనుగారు నవ్వుకొనిరి గాని, ఆ పాండిత్యమువలని లాభమును మాత్రము వదలుకొనలేదు.

తాను పొందిన బయలుపాటునే నమ్ముకొని, ఇతరులకు దేవుడు తెలిపినదానిని లెక్కచేయక, వ్యాఖ్యానములే అక్కరలేదనువారిని ఆయన గట్టిగా మందలించిరి. దానితోపాటు, వ్యాఖ్యానకర్త చేయి పట్టుకొనక అడుగు వేయలేనివారిని కూడ ఆయన మెచ్చుకొనలేదు. ఆయన స్వంత అభ్యాసము దీనికి సాక్ష్యము. క్రూడనుగారి కాంకార్డెన్సు, అనగా పరిశుద్ధ గ్రంథములోని మాటలు ఎక్కడెక్కడ వచ్చినవో తెలుపు అకారాది పట్టిక, పదియేండ్లు తన యెడమచేతి ప్రక్కనే యుండెనని 1872 లో దాని మొదటి పుటపై వ్రాసికొనిరి. కుడిచేతి ప్రక్కన నున్నది పరిశుద్ధ గ్రంథము.

ఈ పట్టికలో మాకు నచ్చనిదియు కలదు. ఒక మనుష్యుడు ఇరువది సంవత్సరములు కూర్చుండి వ్రాసిన గ్రంథమును ఒక చతురోక్తితో త్రోసిపుచ్చుట న్యాయమేనా? జర్మనీ పండితుల క్రొత్త పరిశోధనలయెడల ఆయనకు నమ్మిక తక్కువ. 1887 లో సిద్ధాంతభ్రష్టత్వము ప్రబలుచున్నదని బాప్తిస్టు యూనియనును విడిచిన కాఠిన్యము ఈ తీర్పులలో ముందుగనే కొంత కనబడుచున్నది. ఆ పట్టికలో పేర్కొన్నవానిలో అనేకము నేటి విద్యార్థికి పనికిరావు. 1876 తరువాత దొరికిన పురాతన ప్రతులును, త్రవ్వకములవలన తెలిసిన సంగతులును వానిలో ఉండజాలవు. ఇదంతయు నిజమే. అయినను స్వసంఘాభిమానముతో ఆయన కన్ను మూసికొనలేదు. ఇంగ్లండు సంఘస్థులను, లూథరనులను, మెథడిస్టులను చదివి, మేలైనది మేలనిరి. 1869 మొదలు 1885 వరకు ఏడు సంపుటములుగా ప్రకటించిన కీర్తనల వ్యాఖ్యానములో, రోమను కథోలిక కార్డినలు బెల్లార్మీనుగారి మాటలను కూడ చేర్చుకొనిరి. ఆ గ్రంథము కొరకు ఆయన కార్యదర్శి బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయములో పాత సంపుటములు వెదకి వ్రాసి తెచ్చుచుండెను.

ఇంతవరకు ఏ పుస్తకము కొనవలెనని చెప్పుటయే. అయితే కొనుటకు బొత్తిగా సొమ్ములేనివారి మాటయేమి? దీనికి ఉత్తరువు స్పర్జనుగారి భార్య సూసన్నగారివలన కలిగినది. 1854 లో ఆయన ఆమెకిచ్చిన మొదటి బహుమానము యాత్రికుని ప్రయాణమే. వివాహమునకు ముందే ఆయన థామసు బ్రూక్సు అను ప్యూరిటను రచయితయొక్క పాత గ్రంథము నొకదానిని ఆమె చేతికిచ్చి, మేలైన వాక్యములకు గురుతు పెట్టుమనగా, ఆ యెంపికనుండియే ఒక చిన్న పుస్తకము పుట్టినది. 1856 జనవరి 8 వ తేదీన వివాహము జరిగెను. ఆ సంవత్సరమే కవల కుమారులు కలిగిరి. 1868 ప్రాంతమునుండి ఆమె తరచు రోగియై ఇల్లు కదలలేకుండెను.

1875 వేసవిలో విద్యార్థులకు ఉపన్యాసముల మొదటి సంపుటము అచ్చుకాగితములను ఆమె చదివి, ఇంగ్లండులోని ప్రతి బోధకుని చేతిలో ఈ పుస్తక ముండిన ఎంత బాగుండునని భర్తతో అనెను. అట్లయిన నీవే ఎందులకు ఈయరాదు, ఎంత యిచ్చెదవని ఆయన అడిగిరి. ఆమె ఊహింపని ప్రశ్న అది. తన చేతికి వచ్చిన అయిదు షిల్లింగుల నాణెములను కొంతకాలముగా ఆమె వేరుగా దాచుకొనుచుండెను. మేడపైకి పోయి లెక్కింపగా, సరిగా నూరు ప్రతులకు చాలిన సొమ్ము తేలినది. నూరు పుస్తకములు నూరుగురు బీద కాపరులకు పోయినవి. ఆ సంగతి స్పర్జనుగారి మాసపత్రికలో వెలువడగా, చదివినవారు కోరకయే సొమ్ము పంపనారంభించిరి. పుస్తకనిధి యేర్పడెను.

ఆ పిదప ఆ యింటికి వచ్చిన జాబులను చదివి ఆమె దుఃఖించెను. క్రొత్త పుస్తకము కొని ఎన్నో యేండ్లైనవారు, బిడ్డల పాదరక్షలకును పుస్తకములకును నడుమ నలిగినవారు, తెలిసినదే తిరిగి తిరిగి బోధించి తమ ప్రసంగములయందు తామే విసుగు చెందినవారు, ఇట్టివారు ఇంగ్లండంతట ఉండిరి. బాప్తిస్టులకు మాత్రమే గాక అన్ని సంఘముల కాపరులకును, విదేశములలోని మిషనరీలకును మూటలు పోయెను. అన్నిటికంటె ఎక్కువగా అడుగబడినది కీర్తనల వ్యాఖ్యానమే. మూటలలో నుండవలసిన గ్రంథముల నెంచుట, జాబులకు ఉత్తరువులు వ్రాయుట, జమాఖర్చులు చూచుట, ఇవన్నియు ఆ రోగియే పడకపైనుండియు బల్లయొద్దనుండియు జరుపుచుండెను. చదువుటకు పుస్తకముతోపాటు తినుటకు తిండియు కట్టుటకు బట్టయు లేవని తెలిసినప్పుడు, వారి సహాయమునకు వేరొక నిధిని కూడ ఆమె ఏర్పరచెను.

పల్లెలలోని సామాన్యజనుల కొరకు ఇంకొక పని 1866 లోనే ఆరంభమైయుండెను. పరిశుద్ధ గ్రంథములను, మంచి పుస్తకములను సంచులలో పెట్టుకొని ఇంటింటికిని నడిచిపోయి అమ్ము కోల్పోర్టరుల సమాజ మది. తెలుగుదేశపు గ్రామములలోను బైబిలు సొసైటీవారి కోల్పోర్టరులు ఈ పనియే చేసిరి గనుక, ఆ సంచి బరువెంతయో మా చదువరులలో కొందరి పెద్దలకు స్వానుభవమున తెలియును.

స్పర్జనుగారి స్వంత గ్రంథాలయములో దాదాపు 12,000 సంపుటములుండెను. వానిలో ప్యూరిటనుల పాత ప్రతులు విశేషము. అనేకములలో ఆయన చేవ్రాతతో అభిప్రాయములు గలవు. ఒక తట్టున మాత్రము చదువుటకు వీలులేని పుస్తకములు కొన్ని యుండెను. అవి లోపల కాగితములు లేని వట్టి అట్టలు. వానిపై హాస్యపు పేర్లు వ్రాయించి, చూడవచ్చినవారు చేయి చాచి మోసపోవుచుండగా ఆయన ఆనందించుచుండిరి.

కీళ్లవాతము, మూత్రపిండముల వ్యాధి ఆయనను బహుకాలము బాధించెను. 1892 జనవరి 31 వ తేదీన ఫ్రాన్సుదేశమందలి మెంటను పట్టణమున ఆయన తుదిశ్వాస విడిచిరి. లండనులో సమాధి కార్యము జరిగినప్పుడు పేటికపై ఒకే యొక పుస్తకము ఉంచబడెను. అది యెషయా 45 వ అధ్యాయమునొద్ద తెరచిన పరిశుద్ధ గ్రంథము. సూసన్నగారు అటుతరువాత పదునొకండు సంవత్సరములు పుస్తకనిధిని నడిపి, 1903 అక్టోబరు 22 వ తేదీన కన్నుమూసిరి. అప్పటికి ఆమె పంపిన పుస్తకములు దాదాపు 2,00,000.

గ్రంథాలయములో పెద్దభాగము, 5,103 సంపుటములు, 1906 లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమునకు అమ్ముడుపోయి విలియం జూయెల్ కళాశాలకు చేరెను. వెల 500 పౌనులు. నూరేండ్ల తరువాత, 2006 లో, అదే రాష్ట్రమందు కాన్సాసు సిటీలోని మిడ్‌వెస్టర్ను బాప్తిస్టు దైవశాస్త్ర కళాశాలవారు దానిని 4,00,000 డాలరులకు కొనిరి. అచ్చటి విద్యార్థులు ఆ సంపుటములను తెరచినప్పుడు, మొదటి పుటలయందు ఆయన చేతివ్రాత, కొన్నిటియందు మెప్పు, కొన్నిటియందు విసుగు, వారికి కనబడుచున్నది.